కొండ వైపు సీటు

టకోమాలో ఎవరు విమానం టికెట్ కొనాలన్నా ముందు వర్నా హాల్వర్సన్‌కు ఫోన్ చేయాల్సిందే. బతుకంతా స్కూలు బస్సు నడిపి రిటైరైన ఈవిడకు విమానాల గొడవ ఎందుకని అడగకూడదు. దక్షిణం నుంచి వస్తుంటే కుడివైపు కూర్చోవాలి, అటు వెళ్తుంటే ఎడమవైపు. రెక్క మీద సీటు తీసుకుంటే దారి పొడుగునా రెక్కనే చూస్తూ రావాలి. పొద్దుటి విమానమైతే ఎండ కళ్ళలో కొడుతుంది, కాబట్టి మధ్యాహ్నందే ఎక్కాలి. ఇదంతా కొండ కోసం. దానికి రైనియర్ అని పేరుంది కానీ ఆ ఊళ్ళో ఎవరూ పేరు పెట్టి పిలవరు. మబ్బు విడిచి మంచు శిఖరం కనబడిన రోజున "కొండ బయటికొచ్చింది" అంటారు, అంతే. ఆ కబురు ఫోన్లు చేసి అందరికీ చెప్పే బాధ్యత వర్నా తనంతట తానే నెత్తిన వేసుకుంది.

అలాంటి మనిషికి సొంత చెల్లెలే కొరకరాని కొయ్య అయింది. శాక్రమెంటోలో ఉండే మార్లిస్ ఎప్పుడు చూడటానికొచ్చినా ముసురే.

"నీ కొండా, నీ రెండో మొగుడూ ఒకటే అక్కా. గొప్పలు వినడమే గానీ కంటికి కనబడ్డది లేదు" అనేది.

మార్లిస్ భర్త పోయాక వర్నాకు బెంగ పట్టుకుంది. తానూ ఒంటరిదే, చెల్లెలూ ఒంటరిదే. ఇద్దరూ ఒకచోట ఉంటే పొద్దున్నే కాఫీ దగ్గర పోట్లాడుకోవడానికైనా మనిషి ఉంటుంది. ఎంత బతిమాలినా మార్లిస్ బెట్టు చేసింది.

"సరే, వస్తా" అంది చివరికి. "దారిలో ఆ కొండ కనబడితే నీ దగ్గరే ఉండిపోతా. లేదంటే వారం ఉండి నా దారిన నేను పోతా."

వర్నా స్వయంగా వెళ్ళి తీసుకొచ్చింది. మధ్యాహ్నం విమానం, కుడివైపు, రెక్కకు బాగా వెనక. ఎన్నడూ ఎవరికీ వదలని కిటికీ సీటు చెల్లెలికిచ్చి తను మధ్యలో ఇరుక్కుంది. రుమాలుతో అద్దం కూడా తుడిచిపెట్టింది.

శాస్తా శిఖరం వచ్చినప్పుడు మార్లిస్ "ఇది మా కాలిఫోర్నియాదేగా" అని జ్యూస్ తాగుతూ కూర్చుంది. చాలాసేపటికి ఇంకో కొండ లేచింది, తెల్లగా, మొనదేలి, చుట్టూ ఏమీ లేకుండా. మార్లిస్ చేతిలో బిస్కెట్ చేతిలోనే ఉండిపోయింది.

"నువ్వు చెప్పింది నిజమే అక్కా. ఓడిపోయా. ఇక ఉండిపోతాలే."

అదేమిటో వర్నాకు తెలుసు. అది హుడ్, పక్క రాష్ట్రం ఒరెగాన్ వాళ్ళ కొండ. నోరు మూసుకుంటే చాలు, చెల్లెలు తన ఇంట్లో ఉంటుంది. మూసుకుంది కూడా. అంతలో మార్లిస్, "ఇంత అందమైన కొండ నేనెక్కడా చూడలేదు" అంది. ఆ మాట మాత్రం వర్నా ఓర్చుకోలేకపోయింది.

"అది మాది కాదు, ఒరెగాన్ వాళ్ళది. మాది దాన్ని తలదన్నేలా ఉంటుంది. కాసేపాగు, నువ్వే చూస్తావు."

రాష్ట్రాల సరిహద్దులోని కొలంబియా నది దాటగానే మబ్బులు కమ్మేశాయి. చక్రాలు నేలకు తగిలేదాకా కిటికీలో ఇంకేమీ కనబడలేదు. ఒక్క మాట మింగి ఉంటే ఏం పోయేదని వర్నా తనను తాను తిట్టుకుంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

పెట్టెల కోసం నిలబడ్డప్పుడు మార్లిస్ కదిపింది.

"ఊరుకుంటే గెలిచేదానివి కదక్కా."

"ఒరెగాన్ వాళ్ళకు పేరొస్తుంటే ఎలా ఊరుకోను?"

"అయితే విను. దాన్ని తలదన్నేదేదో చూడకుండా నేనెక్కడికీ కదలను. చూసిన మర్నాడే వెళ్ళిపోతా. ఇక మాట మార్చేది లేదు."

మర్నాడు పొద్దున్నే వర్నా కాఫీ పెడుతూ వంటింటి కిటికీలోంచి చూసింది. ఎక్కడా మబ్బు తునక లేదు. ఎదురింటి కప్పు మీదుగా కొండ నిండుగా బయటికొచ్చి నిలబడింది. ఫోన్ మీదికి పోయిన చేతిని వెనక్కి తీసుకుంది. పక్క గదిలో చెల్లెలు లేచిన చప్పుడైంది.

"బయట ఎలా ఉందక్కా?"

"ముసురే" అంటూ వర్నా కిటికీ తెర లాగేసింది.