ట్రామ్‌లో ఊ కొట్టిన మనిషి

ఎర్రజెండాల ఊరేగింపు అడ్డొచ్చి, ఎస్ప్లనేడ్ వెళ్లే మా ట్రామ్ మైదానం పక్కన ఆగిపోయింది. ఆ రోజు కాలేజీలో పిల్లలకు పాఠం చెప్పాల్సిన అమెరికన్ పద్యాన్ని నాలో నేనే తెలుగు చేసుకుంటున్నాను. మహానగరంలో ఒంటరిగా ఉండే మనిషి మీద రాసిన పద్యమది. నా గొణుగుడు పైకే వినిపించినట్టుంది.

"తెలుగోలా? ఏటమ్మా అది, కతా?" అంది, ఓడరేవు దగ్గరి వాట్‌గంజ్‌లో ఎక్కి నా పక్కన కూర్చున్న ముసలామె.

"అలాంటిదే."

"అయితే సెప్పు."

ఆ ఒంటరి మనిషి దీపం వెలిగించాడన్నాను. "ఊఁ" అంది. ఎదురుగా ఇంకో కుర్చీ వేశాడు. "ఊఁ." మెట్ల మీద అడుగుల చప్పుడైంది. "ఊఁ." ఆ అడుగులు పై అంతస్తుకు వెళ్లిపోయాయి.

ఆమె ఊ కొట్టలేదు. "తరవాత?"

"అంతే. అయిపోయింది."

ఊరేగింపుకేసి చూస్తూ అంది: "మా ఆయన ఓడల డాకులో పని సేసీవోడు. రేతిరి కత సెప్తే నాను ఊ కొట్టీదాన్ని. ఆయన పోయాక ఇంట్లో మన మాటే నేదు. కోడలు, మనవలు అంతా బెంగాలీయే."

ట్రామ్ కదిలింది.

"ఇంకోపాలి సెప్పమ్మా."

మళ్లీ చెప్పాను. ఈసారి ఆ చివరి అడుగులకు కూడా ఊ కొట్టింది, కళ్లు మూసుకుని.

ఆ పద్యాన్ని చాలా ఏళ్లు పాఠం చెప్పాను. చివరి పాదం చదివాక కాస్త ఆగేదాన్ని. పిల్లలు పెన్నులు పట్టుకుని, నోట్సు చెప్తానేమోనని చూసేవాళ్లు.