స్రవంతి నిశ్శబ్దంగా ఆడలేదు

నిన్న పొద్దున లైబ్రరీ మెట్ల మీద ఉండగా ఫోన్ వచ్చింది. స్రవంతి చనిపోయిందన్నారు.

ఏ స్రవంతి అని అడిగాను. నాకు తెలిసిన స్రవంతి ఒక్కతే. అయినా అడిగాను.

డెంగీ. జ్వరమని మెసేజ్ పెట్టిన మనిషి వారం తిరక్కుండానే లేకుండా పోయింది.

సాయంత్రానికి క్యాంపస్ గ్రూపుల్లో ఒక పోస్ట్ తిరగడం మొదలైంది. గేమింగ్ టీమ్ కెప్టెన్ రాశాడు: "మా టీమ్ చెల్లె, నిశ్శబ్ద యోధురాలు." కింద వరసగా చేతులు జోడించిన బొమ్మలు.

ఆ విశేషణం మీద నాకు అభ్యంతరం ఉంది.

షూటింగ్ గేములు యువతను మొద్దుబారుస్తున్నాయని వాదించి నేను గెలిచిన ఒక డిబేట్ తర్వాత స్రవంతి పరిచయమైంది. జూనియర్. లాలాగూడ రైల్వే క్వార్టర్స్ అమ్మాయి, నాన్న వర్క్‌షాపులో ఫిట్టర్.

"మంచిగ మాట్లాడినవ్ అక్కా. ఒక్కసారన్న ఆడినవా?"

ఆడలేదన్నాను. మరునాడు మధ్యాహ్నం తార్నాకలో గేమింగ్ కేఫ్‌కు తీసుకెళ్లింది.

తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. ఇటు ఐదుగురు, అటు ఐదుగురు. తెర మీద నీ తుపాకి తప్ప నువ్వు నీకు కనబడవు. మూల దగ్గర ఎవడో కదిలాడని మనసు గ్రహించేలోపే వేలు కదలాలి. ఆగి ఆలోచిస్తే చావే.

నేను ఆలోచించాను. ప్రతి రౌండ్‌లోనూ అందరికంటే ముందు చచ్చాను.

"ఆడ నిలవడి స్పీచ్ ఇస్తున్నవా ఏంది అక్కా?" అని పడీ పడీ నవ్వింది.

తర్వాత తను ఆడింది. గోడ అవతలి అడుగుల చప్పుడు విని ఎందరు వస్తున్నారో, ఎటు వస్తున్నారో నాకు చెబుతూ ఆడింది. నాకు మాత్రమే. జట్టుకు చెప్పడానికి ఆమె హెడ్‌సెట్‌కు మైక్ లేదు. తనే పీకేసింది.

మొదట్లో మైక్‌తోనే ఆడేదట. ఆడగొంతు వినబడగానే కొందరు వంటింటికి పొమ్మనేవాళ్లు, కొందరు నంబర్ అడిగేవాళ్లు. సొంత జట్టువాళ్లే ఆమె ఎక్కడ దాక్కుందో అవతలివాళ్లకు చెప్పి చంపించేవాళ్లు.

అందుకే "గూడ్స్ బండి" అని కొత్త పేరు పెట్టుకుని, మాటల పనిని తుపాకికి అప్పగించింది. గోడకు ఒక తూటా కొడితే ఆగమని. రెండు కొడితే రమ్మని. ఆన్‌లైన్‌లో కలిసిన మన కెప్టెన్ ఆ భాష ఇష్టంగా నేర్చుకున్నాడు. నెలల తరబడి ఆ తూటాల వెంటే నడిచి గెలిచాడు. ప్రతి గెలుపుకీ "గూడ్సన్నా, నువ్వు దేవుడివే" అని మెసేజ్ పెట్టేవాడు. ఆ మెసేజ్‌లు చూపించి స్రవంతి నాతో అన్నది:

"మైక్ తీసేసినంక నా ఆట మారలే అక్కా. వాళ్ల మర్యాద మారింది."

పోయిన ఏడాది క్యాంపస్ ఫెస్ట్ టోర్నమెంట్‌కు గూడ్సన్నను రమ్మని కెప్టెనే బతిమాలాడు. స్రవంతి వెళ్లింది. నేనూ వెళ్లాను.

కెప్టెన్ ఆమె భుజం మీదుగా వెనక్కి చూసి, "అన్న రాలేదా? నువ్వు చెల్లెలివా?" అన్నాడు.

"నేనే" అంది.

ముందు నవ్వారు. తర్వాత పక్కకు వెళ్లి మాట్లాడుకున్నారు. మైక్ లేకపోతే కమ్యూనికేషన్ ప్రాబ్లం అయితదని తీర్పు చెప్పారు. ఆమెను కుర్చీలోంచి లేపి కెప్టెన్ రూమ్మేట్‌ను కూర్చోబెట్టారు.

ఆ కుర్చీ వెనకే నిలబడి ఆమె ఫైనల్ అంతా చూసింది. ఎక్కడ నక్కాలో, ఎప్పుడు దూకాలో ఆమె నేర్పినట్టే ఆడారు. గెలిచారు. ఐదుగురూ కప్పు ఎత్తి ఫొటో దిగారు.

కంప్లైంట్ పెడదామన్నాను. మీటింగ్ పెట్టి వాళ్లను కడిగేస్తానన్నాను. నాకు చేతనైన పని అదే మరి.

"నీ స్పీచ్ నాకెందుకక్కా? నాకు సీటు కావాలె" అంది.

ఈ ఏడాది ఆ సీటు తనే సంపాదించుకుంది. నలుగురు అమ్మాయిలను పోగేసి, కొత్త మైక్ కొని, సొంత పేరుతో టీమ్ రిజిస్టర్ చేసింది. ప్రాక్టీస్‌లో ఆమె అరుపులకు కేఫ్ ఓనర్ వచ్చి వాల్యూమ్ తగ్గించమ్మా అని దండం పెట్టాడు. ఫెస్ట్ వచ్చే నెల.

నిశ్శబ్దం ఆమె స్వభావం కాదు. మీరు వేసిన శిక్ష. శిక్ష వేసినవాళ్లే దాన్ని బిరుదుగా ప్రదానం చేయడం ఏ తర్కమో నాకు అర్థం కాలేదు.

నిన్న లాలాగూడలో వాళ్లింటికి కెప్టెన్ కూడా వచ్చాడు. టీమ్ అని ఎవరో పరిచయం చేశారు. స్రవంతి నాన్న లేచి వచ్చి అతని రెండు చేతులూ పట్టుకున్నాడు.

"మీరేనా బిడ్డా, మా పిల్లతోని ఆడి కప్పు గెలిచినోళ్లు? ఆ దినం ఎంత సంబురంగ చెప్పిందో. కప్పు కాలేజీలనే పెట్టుకున్నరట గద."

కెప్టెన్ తల దించుకుని, "అవునంకుల్" అన్నాడు.

నా దగ్గర ప్రతి మాటకూ జవాబుంటుందని క్యాంపస్‌లో పేరు. ఆ వాకిట్లో నోరు తెరవలేదు. ఆ అబద్ధం మొదట చెప్పింది స్రవంతి. నాన్న కోసం కట్టుకున్న దాన్ని పడగొట్టే అధికారం నాకు లేదు.

ఇక్కడ మాత్రం మాట్లాడతాను. ఈ పోస్ట్ మన సర్కిల్‌కే. స్క్రీన్‌షాట్ ఏదీ ఆ ఇంటికి చేరకూడదు.

కెప్టెన్, నీ పోస్ట్ తీసెయ్. ఫెస్ట్ నిర్వాహకుల దగ్గరికి వెళ్లు. ఎవరి ఆటతో గెలిచావో, ఎవరిని కుర్చీలోంచి లేపావో నీ నోటితో చెప్పు. గెలిచినవాళ్లలో ఆమె పేరు చేర్పించు.

తర్వాత ఆ కప్పు తీసుకెళ్లి ఆయన చేతిలో పెట్టు. కాలేజీ పంపిందని చెప్పు. ఇంకొక్క మాట కూడా మాట్లాడకు.

నిన్న ఆయన ముందు అవునన్నావు కదా. దాన్ని నిజం చెయ్యి.

వెళ్లిరా స్రవంతీ. నువ్వు ప్రశాంతంగా ఉండు. మేం ఇప్పుడే ఉండలేం.