నాలుగో నిమ్మకాయ

నగరి మగ్గాల వీధిలో దేవరాజులు మంచివాడే. చావైనా పెళ్ళైనా పిలవకముందే వచ్చి నిలబడతాడు. పవర్‌లూమ్ మగ్గాల మోతలో పుట్టి, ఆ మోతలోనే పెరిగి, ఇప్పుడు మోత ఆగితే నిద్ర పట్టని మనిషి. ఉన్నదల్లా ఒక్కటే రోగం. పక్కవాడి విస్తట్లో వడ తన వడ కంటే పెద్దదిగా కనిపిస్తే ఆ పూట అతనికి ముద్ద దిగదు. నరుడి కంటికి నల్లరాయైనా పగులుతుందంటారు కదా, ఆ కన్ను మా ఇంట్లోనే ఉందని భార్య ఉదయలక్ష్మి నవ్వుతూ చెప్పుకునేది. నవ్వుతూ చెప్పినా నిజమే చెప్పేది.

ఇన్నాళ్ళూ ఆ రోగాన్ని అదుపులో పెట్టింది అతని కారు. అత్తగారి వైపు చుట్టాలందరిలో మొట్టమొదట కారు కొన్నవాడు అతనే. పాతదే, ఒకరు వాడి వదిలిందే, అయినా కారు కారే. తిరుత్తణి కొండకు పోవాలన్నా, తిరుపతి ఆసుపత్రికి పోవాలన్నా అత్తగారు వరదమ్మ నోట ముందు వచ్చే మాట, పెద్దల్లుడికి ఫోన్ చెయ్యండి అని. ఆ మాట చెవిన పడితే చాలు, మగ్గాలు ఆపేసి బయల్దేరేవాడు. కొత్త టైర్లు కొనడానికి చెయ్యి రాక, అరిగిన వాటికే పైన రబ్బరు అతికించే రీబటన్ టైర్లు వేయించేవాడు. అందుకని దారిలో టైరు పగలడం మామూలే. అప్పుడు చొక్కా విప్పి కొమ్మకు తగిలించి, డిక్కీలోంచి స్టెప్నీ దించి, జాకీ పెట్టి తానే మార్చేవాడు. చుట్టాలందరూ చెట్టు నీడన కూర్చుని అతన్నే చూసేవాళ్ళు. ఆ చూపుల కోసం అతను కొంచెం నిదానంగానే మార్చేవాడు.

అట్లాంటి రాజ్యంలో తోడల్లుడు మునిప్రసాద్ వచ్చి పడ్డాడు. ఉదయలక్ష్మి చెల్లెలు హేమలత మొగుడతను. చిత్తూరులో మామిడి గుజ్జు ఫ్యాక్టరీలకు కాయలు తోలే వ్యాపారం. మొన్నమొన్నటిదాకా "అన్నా, కొంచెం కారు పంపిస్తావా" అని అడిగినవాడు, రెండు మామిడి కాపులు కలిసొచ్చేసరికి బెంగళూరు పోయి ఓడంత కారు తెచ్చాడు. ఫోన్‌లో ఫోటో వచ్చింది. దేవరాజులు దాన్ని వేళ్ళతో పెద్దది చేసుకుని ఆ మూల నుంచి ఈ మూలదాకా చూశాడు. ఎంత బాగుందో అని చూస్తున్నాడనుకుంది ఉదయలక్ష్మి. అతను గీత ఎక్కడైనా పడిందేమోనని వెతుకుతున్నాడు.

కారుకు పూజ కాణిపాకంలో. వినాయకుడి ముందు ప్రమాణం చేసేవాళ్ళు ఒక పక్క, కొత్త బండ్లు వరసగా ఒక పక్క. అయ్యవారు కారుకు కుంకుమ బొట్లు పెట్టి, దండ వేసి, చక్రాల కింద పెట్టడానికి నాలుగు నిమ్మకాయలు తీసి ఎవరు పెడతారని అడిగాడు. మునిప్రసాద్ వాటిని తీసుకుని నేరుగా దేవరాజులు చేతిలో పెట్టాడు. ఇంటికి పెద్దల్లుడివి, నీ చేత్తోనే పెట్టన్నా అన్నాడు. అంత మర్యాద చేశాడు పాపం. కాని ఈర్ష్య పట్టినవాడికి మర్యాద కూడా ముల్లులాగే గుచ్చుకుంటుంది. చూశావా, నాతో సేవ చేయించుకుంటున్నాడు అనుకున్నాడు దేవరాజులు.

అయినా వంగి ముందు చక్రాలు రెండింటికీ పెట్టాడు, వెనక కుడి చక్రానికీ పెట్టాడు. అప్పుడే అవతల వరదమ్మ డిక్కీలోకి తొంగి చూసి, స్టెప్నీ ఏదబ్బా అని చిన్నల్లుణ్ణి అడిగింది.

"దీనికి అక్కర్లేదత్తా. ఇవి రన్ ఫ్లాట్ టైర్లు. గాలి పోయినా టైరు పక్కలు గట్టిగా నిలబడి బరువు మోస్తాయి. నిదానంగా తోలుకుంటా ఊరు చేరొచ్చు" అన్నాడు మునిప్రసాద్.

"అయితే ఇంక చెట్ల కింద కూర్చునే పని తప్పింది. పెద్దల్లుడి కారెక్కితే సగం దారి కారులో, సగం దారి చెట్టు కింద" అంది వరదమ్మ.

అందరూ నవ్వారు. దేవరాజులు కూడా పళ్ళు కనిపించేంత వరకు నవ్వాడు. ఇన్నేళ్ళు చొక్కా విప్పి, గ్రీజు పూసుకుని, ఎండలో జాకీ తిప్పింది ఈ మాట కోసమా అనుకున్నాడు. చేతిలో నాలుగో నిమ్మకాయ ఉంది. వెనక ఎడమ చక్రం గోడ వైపు ఉంది, ఎవరికీ కనిపించదు. గాలి లేకుండానే పరిగెత్తే టైరుకు నిమ్మకాయ దేనికిలే అనుకుని దాన్ని చొక్కా జేబులో వేసుకున్నాడు. అయ్యవారు కానివ్వమన్నాడు, కారు కదిలింది, మూడు నిమ్మకాయలు చితికాయి. నాలుగోదాని సంగతి ఎవరూ చూడలేదు. ఇంటికొచ్చాక కడుపులో మంటగా ఉందంటే ఉదయలక్ష్మి అతని జేబులో కనిపించిన ఆ నిమ్మకాయనే నీళ్ళలో పిండి ఉప్పు వేసి ఇచ్చింది. తాగేశాడు. మంట మాత్రం అట్లాగే ఉంది.

అక్కడి నుంచి అతని నోట స్టెప్నీ తప్ప మరో మాట లేదు. కొప్పున్నమ్మ ఏ ముడి వేసినా అందమే, కారున్నవాడు ఏం చెప్పినా నిజమే అని గొణుక్కునేవాడు. నగరిలో టైర్లు చూసే ధర్మేంద్ర దగ్గరికి పోయి, గాలి లేకుండా నడిచే టైరు సంగతేంటో తేల్చమన్నాడు. ధర్మేంద్ర ఉన్నదున్నట్టు చెప్పాడు. నిజమే, కొంత దూరం నిదానంగా పోతుంది, అయితే మామూలు టైరంత మెత్తగా ఉండదు, గుంతల్లో నడుము తెలుస్తుంది, పాడైతే మన పక్క దొరకదు, బెంగళూరో మద్రాసో పోవాలి అన్నాడు. మొదటి మాటను దేవరాజులు అక్కడే వదిలేసి, చివరి మాటను మాత్రం ఇంటికి తెచ్చుకున్నాడు.

అప్పటినుంచి అతనికి ఒకటే కోరిక. ఆ కారు ఎప్పుడో ఒకప్పుడు నడిరోడ్డున నిలబడిపోవాలి. ఎండ బాగా కాస్తుండాలి. తాను వెనకాలే వచ్చి, కారు పక్కకాపి, అద్దం దించి, "ఏమబ్బా మునిప్రసాదూ, స్టెప్నీ యాడ?" అని అడగాలి. అంతే. ఆ తర్వాత తానే సాయం చేస్తాడు, కాదనడు. కాని ముందు ఆ మాట అడగాలి. మగ్గాల మోతలో ఎవరికీ వినపడదని ధైర్యం చేసి, ఆ మాటను పైకే అనుకుని చూసుకునేవాడు.

పలమనేరులో వరదమ్మ తమ్ముడి మనవరాలికి నిశ్చితార్థమైతే రెండు కుటుంబాలూ రెండు కార్లలో పోయాయి. పొద్దున దేవరాజులు కారులో అతని భార్య, ఇంటర్ చదివే ఒక్కగానొక్క కూతురు లోహిత, వరదమ్మ ఉన్నారు. భోజనాలయ్యాక తిరుగు ప్రయాణంలో వరదమ్మ నడుం పట్టుకుని చిన్నల్లుడి కారు వైపు నడిచింది. సరే, ముసలామె, పోనీ అనుకున్నాడు. ఆమె వెనకాలే లోహిత కూడా నడిచింది.

"నాయనా, నేను చిన్నాయన కారులో వస్తా. దాంట్లో చల్లగా ఉంటాది" అని, జవాబు కోసం చూడకుండా ఎక్కి కూర్చుంది.

అత్తగారు పోతే పోయింది, కడుపున పుట్టిన బిడ్డ కూడా పోయింది. ఆ కారు వెనకే తన కారు తోలుకుంటూ దేవరాజులు రగిలిపోయాడు. ఉదయలక్ష్మి పక్కన కూర్చుని పెళ్ళికూతురి చీర గురించి ఏదో చెబుతోంది, అతనికి ఒక్క ముక్కా ఎక్కలేదు. ముందు కారు వెనక అద్దంలో లోహిత జడ కనిపిస్తోంది, వాళ్ళంతా దేనికో నవ్వుతున్నట్టున్నారు. మొగిలి ఘాట్ దిగుతున్నారు. కుడి పక్క టమాటా లారీ ఒకటి బరువుగా దిగుతోంది, ఎడమ పక్క గోడ, గోడ అవతల లోయ. దేవుడా, ఒక్కసారి, ఒకే ఒక్కసారి ఆ టైరు పగలగొట్టు అనుకున్నాడు దేవరాజులు. బిడ్డ ఆ కారులోనే ఉందన్న సంగతి ఆ క్షణంలో అతనికి గుర్తే లేదు.

ఏ లారీ నుంచి ఊడిపడిందో, రోడ్డు మీద ఇనుప ముక్క ఒకటుంది. మునిప్రసాద్ కారు దాని మీదుగా పోయింది. తుపాకీ పేలినట్టు చప్పుడైంది. వెనక ఎడమ చక్రం నుంచి దుమ్ము లేచింది, కారు ఒక్క ఊపు ఊగింది.

వెనక ఎడమ చక్రం. పక్కన ఉదయలక్ష్మి బిడ్డా అని అరిచింది. లారీ కిందికి పోతుందో, గోడ దాటి లోయలోకి పోతుందో అని అతను కళ్ళు మూసుకోబోయాడు, స్టీరింగ్ చేతిలో ఉంది కాబట్టి మూసుకోలేకపోయాడు. అందుకని చూశాడు. కారు కూలబడలేదు. వెనక ఎడమ మూల కొంచెం కిందికి దిగినట్టుంది, అంతే. ఊగిన కారు మళ్ళీ తిన్నగా నిలబడి, వేగం తగ్గించుకుని, లారీని ముందుకు పోనిచ్చి, అదే దారిన నిదానంగా దిగిపోయింది. తన కారుకు ఆ చోట, ఆ వేగంలో, ఆ రీబటన్ టైరు పగిలి ఉంటే ఏమయ్యేదో అతనికి బాగా తెలుసు.

ఘాట్ దిగాక టీ అంగడి దగ్గర రెండు కార్లూ ఆగాయి. దేవరాజులు పరుగున పోయాడు. ఇన్నాళ్ళూ నూరిపెట్టుకున్న మాట అడగడానికి ఇంతకంటే మంచి అదను రాదు. ఎండ కూడా బాగానే కాస్తోంది. కాని నోరు తెరిస్తే, బిడ్డ యాడ, అని మాత్రం వచ్చింది.

లోహిత అప్పటికే దిగి నిలబడి ఉంది, వెంట్రుకంత గీత కూడా పడలేదు. "నాకేం కాలేదు నాయనా. స్టీరింగ్ ముందర ఎర్రలైటు వెలిగింది. చిన్నాయన భయపడొద్దని చెప్తానే తోలినాడు. ఎంత బాగా తోలినాడో" అంది. బిడ్డ బతికి వచ్చి ఎదురుగా నిలబడ్డా, ఆ చివరి మాటకు దేవరాజులు కడుపులో చిన్నగా ఒక మంట లేచింది. మనిషి మారడం అంత సులువా మరి.

మునిప్రసాద్ దిగి వచ్చాడు. తోడల్లుడి చెయ్యి రెండు చేతులతో పట్టుకున్నాడు.

"అన్నా, టైరు కాదు మమ్మల్ని కాపాడింది. ఆ పొద్దు నీ చేత్తో నిమ్మకాయలు పెట్టినావు చూడు, అది కాపాడింది."

వరదమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుని, అవునబ్బా, మా పెద్దల్లుడి చెయ్యి మంచిది, మొదటినుంచీ అంతే అంది. ఈ మాట కోసం దేవరాజులు ఎన్ని పంచర్లు వేయించాడు, ఎన్ని ఎండల్లో నిలబడ్డాడు. నలుగురిలో, మునిప్రసాద్ ఎదురుగా, అత్తగారి నోటి నుంచే వచ్చింది. గుమ్మడికాయల దొంగ భుజాలు తడుముకుంటాడంటారు, ఈ నిమ్మకాయల దొంగ చొక్కా జేబు తడుముకున్నాడు. తలూపి ఊరుకుంటే సరిపోతుంది. ఆ మంచిచెయ్యి పేరు జన్మంతా అతనిదే.

అతను వంగి ఆ చక్రాన్ని చూశాడు. నడుమ రబ్బరు చీలి నోరు తెరిచింది, లోపల గాలి బొత్తిగా లేదు. పక్కలు మాత్రం గట్టిగా నిలబడి, అంత కారునూ మోస్తున్నాయి. దానికి తాను ఏమీ పెట్టలేదు, అయినా అది తన బిడ్డను కొండ దించింది. దేవరాజులు లేచి టీ అంగడిలోకి పోయి ఒక నిమ్మకాయ అడిగి తెచ్చాడు. నిశ్చితార్థానికి కట్టుకున్న తెల్లపంచె మట్టి అవుతున్నా చూడకుండా మోకాళ్ళ మీద కూర్చుని, ఆ చక్రం ముందు పెట్టాడు.

"ఒక్కదానికేనా? నాలుగింటికీ పెట్టబ్బా" అంది వరదమ్మ.

"తక్కిన మూడింటికీ ఆ పొద్దే పెట్టినా అత్తా."

వరదమ్మకు అర్థం కాలేదు. ఉదయలక్ష్మికి అర్థమైంది, కడుపుమంటకు తాను ఏ నిమ్మకాయ పిండి ఇచ్చిందో ఆమెకు గుర్తొచ్చింది. మునిప్రసాద్‌కూ అర్థమైంది. దేవరాజులు తల ఎత్తలేదు.

"ఇప్పటికి నాలుగూ అయినాయి కదన్నా" అన్నాడు మునిప్రసాద్.

"అయినాయబ్బా."

మునిప్రసాద్ కారెక్కి కొంచెం ముందుకు తోలాడు. నిమ్మకాయ చితికింది. చిత్తూరుదాకా నిదానంగా పోవచ్చు, మామూలుగా అయితే ఇంకా దూరం కూడా పోవచ్చు అన్నాడు. ఉదయలక్ష్మి కూతురి చెయ్యి పట్టుకుని తమ కారు వైపు లాగింది. పగిలిన టైరు మీద బిడ్డను పంపేది లేదని గట్టిగా చెప్పింది. లోహిత ఎటూ పోలేక తండ్రి వైపు చూసింది.

దేవరాజులు తన కారు టైర్లను ఒకసారి చూసుకున్నాడు. నున్నగా అరిగి, అతుకు పెట్టిన చోట అంచు లేచి, ఎప్పుడు పగులుదామా అన్నట్టున్నాయి. ఇన్నాళ్ళూ వాటిమీదే బిడ్డను తిప్పాడు.

"దాంట్లోనే ఎక్కు బిడ్డా. నా నాలుగు టైర్లకంటే దాని పగిలిన టైరే మేలు" అన్నాడు. భార్యను కూడా అందులోనే ఎక్కమన్నాడు.

ఖాళీ కారు తోలుకుంటూ ఒక్కడే వాళ్ళ వెనకాల పోయాడు. దారంతా కళ్ళు ఆ వెనక ఎడమ చక్రం మీదే ఉన్నాయి. అది తొట్రుపడకుండా పోతూ ఉంటే, ఎంత బాగా పోతోందో అని అతనికి మళ్ళీ కడుపు మండింది. మండుతున్న కడుపుతోనే, పోవాలి, ఇట్లాగే పోవాలి అని చిత్తూరుదాకా దేవుడికి మొక్కుకుంటూ పోయాడు.