అన్నయ్య చేసిన వేణువు

ఆర్కెస్ట్రా వాళ్ళందరికీ ఆమె కీబోర్డక్క. అన్నయ్యకు మాత్రం పిట్ట. చిన్నప్పుడు కంచం ముందు కూర్చుని నాలుగు మెతుకులు కతికి లేచిపోయేదని అతను పెట్టిన పేరు అది. ఆమె జుట్టు నెరిసినా అతను ఆ పేరు వదల్లేదు. పెళ్ళి విందుల్లో, కంపెనీల వార్షికోత్సవాల్లో, హోటళ్ళ వెనక పచ్చిక మీద వేసిన వేదికల మీద ఆమె ఏళ్ళ తరబడి వాయిస్తూ వచ్చింది. వచ్చినవాళ్ళు తింటారు, పలకరించుకుంటారు, తప్పిపోయిన పిల్లల్ని వెతుక్కుంటారు. పాట వాళ్ళ మాటల కింద చాపలా పరుచుకుని ఉంటుంది. అందుకు ఆమె ఎన్నడూ చిన్నబుచ్చుకోలేదు. ఇంటికి వెళ్ళాక ఏ శబ్దం ఎలా పలికిందో వివరంగా అడిగే మనిషి ఒకడు ఉన్నాడు, అది చాలు.

అన్నయ్య ఇల్లు కదలడు. ఊపిరితిత్తుల జబ్బు. మెట్లు దిగితే ఎక్కలేడు, ఎక్కితే చాలాసేపు మాట్లాడలేడు. మూడో అంతస్తులో వాళ్ళవి రెండు గదులు. ఒకదాంట్లో మంచం, రెండోదాంట్లో పాత కంప్యూటర్, దాని పక్కన బల్ల మీద సింథసైజర్. అన్న శబ్దాలు తయారుచేస్తాడు, చెల్లెలు వాయిస్తుంది. పెళ్ళి ఊసు ఎవరైనా ఎత్తితే, ముందు వాడికి చెయ్యండి, నాకు ఇంట్లో కాస్త చోటు కలిసొస్తుంది అని ఆమె నవ్వేసేది. రెండు బతుకులూ కంప్యూటర్‌కీ యంత్రానికీ మధ్య వేలాడే నల్లటి కేబుల్ వెంట నడిచిపోయాయి.

ఆ యంత్రాన్ని సెకండ్‌హ్యాండులో కొన్నారు. అక్షరాలు రెండే వరుసలు పట్టే బుల్లి తెర దానిది. లోపల మాత్రం వందల అంకెలు. శబ్దం ఎంత మెల్లగా లేవాలి, ఎంతసేపు నిలవాలి, వేలు తీశాక ఎలా సన్నగిల్లాలి, ఎంత వణకాలి, అన్నిటికీ ఒక్కో అంకె, ఒక్కో అంకెకీ ఒక్కో పేజీ. ఒకటి చూస్తుంటే ఇంకొకటి కనబడదు. తాళంచెవి కన్నంలోంచి ఇల్లంతా చూడమంటే ఎలా అని అన్నయ్య విసుక్కునేవాడు. ఆ తర్వాత ఎవరో తెలిసినవాళ్ళు దానికి సంబంధించిన సాఫ్ట్‌వేర్ సంపాదించి ఇచ్చారు. కేబుల్ తగిలించిన సాయంత్రం ఆ లోపలి ఇల్లంతా కంప్యూటర్ తెర మీద తలుపులు తీసుకుంది. గీతలు, వంపులు, గుండ్రటి బొత్తాలు. ఒక వంపును మౌసుతో పట్టుకుని కాస్త పైకి లాగితే పక్క బల్ల మీద యంత్రం గొంతు మార్చుకుంది. అన్నయ్య కాఫీ తాగడం మరిచిపోయాడు. ఒడ్డున కూర్చుని ఏటి నీళ్ళను చేత్తో వంచుతున్నట్టుందని అన్నాడు. అంకెలే కదా అని ఎవరైనా తీసిపారేస్తే అతనికి కోపం వచ్చేది. వానకి మాత్రం ఏముంది, చుక్కలే కదా అనేవాడు.

ఆ రోజు నుంచి వాళ్ళ సాయంత్రాలు ఒకే తీరుగా గడిచాయి. ఆమె కీబోర్డు మీద ఒకే మెట్టు నొక్కి పట్టుకునేది, అతను వంపులు సవరించేవాడు.

"ఇప్పుడు?"

"ముక్కుదిబ్బడ వేసినట్టుంది."

"ఇప్పుడు?"

"ఇప్పుడు తుమ్మింది."

"నీ చెవులు కడుక్కు రావే, పిట్టా."

చేసిన ప్రతి శబ్దానికీ పేరు పెట్టాలి, అదీ ఆ బుల్లి తెరలో పట్టేంత పొట్టిగా. వాన ముందు, పాత ఫ్యాను, అత్త దగ్గు. వీటిలో అత్త దగ్గు నిజానికి ఎంతో తియ్యని తీగ వాయిద్యం. ఆమె తమ్ముడూ అని పిలిచే డ్రమ్ముల కుర్రాడు వేదిక మీద పక్కనుంచి ఆ పేరు చదివి నవ్వాపుకోలేక తాళం తప్పిన రోజు కూడా ఉంది.

శబ్దం కుదిరిందని ఇద్దరూ ఒప్పుకున్నాక అన్నయ్య కంప్యూటర్ తెర కుడి మూలన ఉన్న బాణం గుర్తు నొక్కేవాడు. పాతదాని మీద రాయమంటారా అని యంత్రం అడిగేది. చెయ్యి చాచి అవునని నొక్కేవాడు. నిజంగానేనా అని మళ్ళీ అడిగేది. మళ్ళీ అవుననేవాడు. "ఇదిగో, నీ సొమ్ము నీకు ముట్టింది" అని కుర్చీలో వెనక్కి వాలేవాడు. ఆ కుర్చీ వెనక నిలబడి ఆమె ఎన్నిసార్లు చూసిందో. ఆ బాణం నొక్కితే ఇక దిగులు లేదని, శబ్దం భద్రంగా ఉన్నట్టేనని ఆమె మనసులో పడిపోయింది.

చివరి ఏడాది అతను కుర్చీలో కూర్చోలేకపోయాడు. ఆమె మంచానికి అడ్డంగా పలక వేసి, దాని మీద సింథసైజర్ పెట్టింది. దిండ్లకు ఆనుకుని, మళ్ళీ ఆ తాళంచెవి కన్నంలోంచే, ఓపికున్న పూట ఒక అంకె చొప్పున మారుస్తూ అతను ఒక వేణువు చేశాడు. కంప్యూటర్ జోలికి పోలేదు. ఆ వేణువులో స్వరం కంటే ముందు గాలి వస్తుంది. ఊదబోయే మనిషి ఒక్క క్షణం తటపటాయించినట్టు ఉంటుంది. ఆ తర్వాత స్వరం లేచి, పైకి పోయి, కొసన కొంచెం ఎండిపోతుంది. అతను దాన్ని యంత్రంలోనే దాచి, దానికి పెట్టిన పేరు ఆమెకు చూపించాడు. పిట్ట.

"నా గొంతు ఇంత బాగుంటుందా?" అంది ఆమె.

"ఉండదు. అందుకే ఇంత కష్టపడాల్సొచ్చింది."

ఆ వానాకాలం వెళ్ళిపోతూ అన్నయ్యను వెంట తీసుకుపోయింది.

ఆమె మళ్ళీ వేదిక ఎక్కింది. వాళ్ళ ఆర్కెస్ట్రా ప్రతిచోటా పాడే నిదానమైన పాట ఒకటి ఉంది. దాని రెండు చరణాల మధ్య గాయని ఊపిరి తీసుకునే కాస్త మేర వేణువుది. ఆమె రోజంతా ఆ కాస్త మేర కోసం ఎదురుచూసేది. మెట్టు మీద వేలు పెట్టగానే ముందు గాలి వచ్చేది. మంచం మీద దిండు సర్దుకుంటున్న మనిషి కళ్ళకు కట్టేవాడు. పాట తిరిగి అందుకున్నాక వెళ్ళిపోయేవాడు. అలా విందు విందుకీ అన్నయ్యను ఒకసారి చూసి వచ్చేది.

కొన్ని నెలలకు యంత్రం వెలిగించినప్పుడల్లా బ్యాటరీ అయిపోవస్తోందని బుల్లి తెర మీద రాసి చూపడం మొదలుపెట్టింది. రేడియోల నుంచి యాంప్లిఫైయర్ల దాకా అన్నీ బాగుచేసే ముసలాయన దగ్గరికి వెళ్ళింది. ఆయన్ని అందరూ రిపేరు బాబాయ్ అంటారు. కరెంటు తీసేసినా శబ్దాలు చెదరకుండా పట్టి ఉంచే చిన్న బ్యాటరీ ఒకటి లోపల ఉంటుందని, అది మార్చాలంటే తియ్యక తప్పదని, తీస్తే ఉన్నవన్నీ తుడిచిపెట్టుకుపోతాయని ఆయన చెప్పాడు. ముందు అన్నిటినీ కంప్యూటర్‌లోకి దింపుకోవాలి, రెండూ పట్టుకొస్తే తనే చేసిపెడతానన్నాడు.

అన్నయ్య కంప్యూటర్‌ను ఇంకొకరు ముట్టుకోవడం ఆమెకు మనసొప్పలేదు. "ఇన్నేళ్ళూ పక్కనే ఉండి చూశాను కదా బాబాయ్. నాకు తెలుసు."

"తెలిస్తే మంచిదేనమ్మా. ఎటునుంచి ఎటో మాత్రం చూసుకో."

సెలవు రోజు పొద్దున ఆమె ఆ కుర్చీ మీద దుమ్ము తుడిచి కూర్చుంది. అందులో కూర్చోవడం అదే మొదలు. కేబుల్ తగిలించి, సాఫ్ట్‌వేర్ తెరిచింది. అన్నీ అన్నయ్య చేసినట్టే చేసింది, అదే క్రమంలో, ఇంచుమించు అదే వేగంతో. కుడి మూలన బాణం గుర్తు నొక్కింది. పాతదాని మీద రాయమంటారా అని యంత్రం అడిగింది. అవునంది. నిజంగానేనా అని మళ్ళీ అడిగింది. అవునంది. సన్నటి గీత తెర మీద నిండుతూ పోయి ఆగింది. చాలా రోజుల తర్వాత ఆమెకు మనసు తేలికపడింది. అన్నయ్యకు తనే ఒక పని చేసిపెట్టినట్టనిపించింది. ఆ సంతోషంలో వేణువును ఎంచుకుని మెట్టు నొక్కింది.

రేకు మీద మేకు గీసినట్టు ఒక కీచు వచ్చింది.

బుల్లి తెర మీద పిట్ట లేదు. కుక్కర్ అని ఉంది. అన్నయ్య కొత్తలో చేసిన మొట్టమొదటి వేణువు అది. కుక్కర్ కూత పెట్టిందని ఇద్దరూ కడుపుబ్బ నవ్వుకుని, అలాగే వదిలేసినది. పిట్టను అన్నయ్య దాచింది దాని చోట్లోనే. ఆమె కేబుల్ పీకి మళ్ళీ పెట్టింది. యంత్రం ఆపి వెలిగించింది. కుక్కర్. అప్పుడు కంప్యూటర్ తెరను నిదానంగా చూసింది. బాణాలు రెండున్నాయి. ఒకటి యంత్రంలోంచి కంప్యూటర్‌లోకి, ఒకటి కంప్యూటర్‌లోంచి యంత్రంలోకి. పక్కనే చిన్న బొమ్మలు కూడా ఉన్నాయి. అన్నయ్య ఎప్పుడూ కంప్యూటర్‌లో చేసి యంత్రంలోకి పంపేవాడు. రెండో బాణం నొక్కడం ఆమె ఎన్నడూ చూడలేదు. కంప్యూటర్‌లో ఉండిపోయిన పాత శబ్దాలన్నీ వెళ్ళి కొత్తవాటి మీద కూర్చున్నాయి. అతను మంచంలో చేసినది ఆ యంత్రంలో తప్ప ఇంకెక్కడా దాచలేదు.

ఆమె ఏడవలేదు. యంత్రాన్నీ కంప్యూటర్‌నూ ఒకదాని తర్వాత ఒకటి కిందికి మోసి ఆటో ఎక్కింది. రిపేరు బాబాయ్ అంతా విని, కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు.

"రాసిన చోటే మళ్ళీ రాసేసిందమ్మా. పైది గీరితే కిందది బయటపడే రకం కాదు ఇది." ఉండబట్టలేక అనేశాడు, "రాసే ముందు ఒకటికి రెండుసార్లు అడుగుతుంది కదమ్మా."

"అడిగింది బాబాయ్. అవుననే చెప్పాను."

ఆయన బ్యాటరీ మార్చి, కంప్యూటర్‌లో ఉన్న పాత శబ్దాలే తిరిగి ఎక్కించి ఇచ్చాడు.

తర్వాతి విందులో ఆ పాట వచ్చింది. ఆమె గుండె రాయి చేసుకుని కుక్కర్‌తోనే వాయించింది. ఒక్క తలా తిరగలేదు. గాయని యథాప్రకారం చరణం అందుకుంది. దిగాక మేనేజరు వచ్చి, ఈవేళ బాగా కుదిరిందక్కా అని కూడా అన్నాడు. విని ఆ వేణువు పోయిందని పోల్చుకోగలిగేది లోకంలో తనొక్కతే అని ఆమెకు అప్పుడు అర్థమైంది. ఇంకెవరైనా పోల్చుకుని ఉంటే బావుండేది, తిట్టినా సరే.

ఫోన్లలో ఎవరైనా తీసి ఉంటారేమోనని అడిగి చూసింది. గాయని దగ్గర ఒక వీడియో దొరికింది. అందులో వేణువు వచ్చే చోట, కుర్చీలు జరుపుతున్న రొద, ఒక పిల్ల అమ్మను పిలుస్తున్న కేక. వాటి అడుగున ఎక్కడో దారప్పోగులా ఆ స్వరం. ముందు వచ్చే గాలి అసలే లేదు.

ఇక తనే చెయ్యాలనుకుంది. కంప్యూటర్ మళ్ళీ తెరవలేదు. అన్నయ్యలాగే బుల్లి తెరలోంచి, మధ్యాహ్నాలు కిటికీ రెక్కలు మూసుకుని, ఒక్కో అంకె మార్చుకుంటూ పోయింది. స్వరం లేచే తీరు మెత్తబడింది. కొసన ఎండిపోవడం కూడా కొంత పట్టుబడింది. గాలి మాత్రం చిక్కలేదు. ఒకసారి ఫ్యాను గాలిలా, ఒకసారి సైకిల్ టైరులోంచి పోతున్న గాలిలా వచ్చేది. ఇప్పుడు? అని తనకు తెలియకుండానే పైకి అనేది. ముక్కుదిబ్బడని చెప్పడానికి ఎవరూ ఉండేవారు కాదు.

ఒక మధ్యాహ్నం మెట్టు నొక్కగానే గాలి వచ్చింది. తటపటాయించింది కూడా. ఇదేనా, ఇంకొంచెం ఆలస్యంగా వచ్చేదా అని పోల్చుకోవడానికి ఆమె కళ్ళు మూసుకుని అసలు వేణువును గుర్తుచేసుకుంది. చెవిలో ఇప్పుడు తను వాయించినదే పలికింది. మళ్ళీ ప్రయత్నించింది. మళ్ళీ అదే. అన్నయ్యది ఎక్కడో వెనక, గోడ అవతల, లీలగా ఉంది. నిన్న ఉన్నంత దగ్గరగా కూడా లేదు.

ఆమె చేతులు వెనక్కి తీసుకుంది. ఇన్ని మధ్యాహ్నాలుగా తను ఏం చేస్తోందో తెలిసొచ్చింది. నొక్కిన ప్రతిసారీ తను చేసినది అన్నయ్య చేసినదాని మీద పడుతోంది. మిగిలిన ఒక్క ప్రతీ తన చెవిలోనే ఉంది, దాన్నీ తన వేళ్ళే చెరిపేస్తున్నాయి. ఈసారి అవునా కాదా అని అడిగేవాళ్ళు కూడా లేరు. చేసినదాన్ని దాచకుండానే యంత్రం ఆపేసింది. దాచనిది కరెంటుతోపాటే పోతుంది, పోయింది.

ఆ తర్వాతి విందులో నిదానమైన పాట మొదలైంది. మొదటి చరణం అయ్యాక ఆమె కుడి చెయ్యి మెట్ల మీద నుంచి లేపి ఒళ్ళో పెట్టుకుంది. ఎడమ చేత్తో కింది స్వరం మాత్రం పట్టి ఉంచింది. గాయని వెనక్కి తిరిగి చూసింది. అక్క మరిచిపోయిందనుకుని డ్రమ్ముల కుర్రాడు గబగబా కర్రలాడించి ఆ ఖాళీని నింపేశాడు. దిగాక చెమట తుడుచుకుంటూ దగ్గరికి వచ్చాడు.

"అక్కడ ఖాళీ వచ్చింది కదక్కా, బాగుండదని కవర్ చేశాను."

"ఖాళీ కాదురా తమ్ముడూ. అక్కడ నువ్వేం వాయించకు."

"మరి ఎవరు వాయిస్తారక్కా?"

"అది మా అన్నయ్య చోటు," అంది ఆమె కేబుళ్ళు చుట్టుకుంటూ. వాడు తల ఊపి, కర్రలు సంచిలో పెట్టుకున్నాడు.

వారం తిరిగి ఇంకో విందు. ఆ చోటు రాగానే కుర్రాడు కర్రలు గాలిలో ఎత్తి పట్టుకుని ఆగాడు. గాయని తల వంచుకుంది. ఆమె కళ్ళు మూసుకుని విన్నది. పచ్చిక మీద గిన్నెల చప్పుడు, ఎవరో గట్టిగా నవ్వడం. ఆ తర్వాత రెండో చరణం.