కార్బన్ గది కాటుక

నువ్వేం పని చేశావని ఎవరైనా అడిగితే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది. కొత్తగూడెం దాటాక, అడవి మొదలయ్యే చోట ఒక రేకుల షెడ్డులో మా అక్కా నేనూ కార్బన్ మోశాం. సత్తుపల్లి బొగ్గు లారీల అరిగిన టైర్లకు పైన అతికించే రబ్బరు అక్కడ తయారయ్యేది. ఉత్త రబ్బరు ఆ లోడ్లకు ఆగదు. నూనె కాల్చి తీసిన నల్లపొడి, అదే కార్బన్, కలిపితేనే గట్టిపడుతుంది. సంచులు విప్పి, తూచి, రోలర్ల మధ్య తిరిగే రబ్బరు మీద పోయడం మా పని. సంచి విప్పితే చాలు, ముక్కులో అదే, చెవుల్లో అదే, తినే అన్నంలో అదే. మూతికి కట్టుకోవడానికి పాత చీర ముక్కే దిక్కు.

"సార్, దీంతోని ఏమన్న అయితదా?" అని అక్క ఒకసారి సూపర్‌వైజర్‌ను అడిగింది.

ఆయన కోస్తా నుంచి వచ్చినాయన, మాట తేనె. "మీ ఇంట్లో దీపం మీద పట్టే మసేనమ్మా ఇది. కాటుక లాంటిది. ఏం కాదు," అన్నాడు.

అక్క నమ్మింది. ఇంట్లో పాలు తాగే బిడ్డ. పొద్దున పోతే పొద్దుగూకి వచ్చే మనిషికి ఆముదం దీపం మీద పళ్లెం బోర్లించి మసి పట్టే తీరిక ఎక్కడిది? "బిడ్డ కండ్లకు చిటికెడు తీస్కపోనా సార్?" అని అందరి ముందే అడిగింది. "తీసుకెళ్లమ్మా, దానికేం భాగ్యం," అని నవ్వాడాయన.

ఆముదంలో రంగరించి పెట్టింది. నిగనిగలాడుతూ ఎంత బాగుందో! మర్నాటికి బిడ్డ కళ్లు నలుపుకుంటూ ఒకటే ఏడుపు. ఆ వారంలోనే కుడి కన్ను వాచి మూసుకుపోయింది. బస్సెక్కి ఖమ్మం దవాఖానాకు పరుగెత్తాం. డాక్టరమ్మ చూసి, "ఆ పొడిలో ఏమేం ఉంటాయో ఫ్యాక్టరీలో కనుక్కోండి. మందు వేయాలంటే నాకు తెలియాలి," అంది.

అక్కను బిడ్డ దగ్గర ఉంచి నేనే వెనక్కి వచ్చాను. సూపర్‌వైజర్ నన్నెప్పుడూ చూడనట్టు చూశాడు. "ఏ పొడి? మా దగ్గర్నుంచి చిటికెడు కూడా బయటికి పోదు. పోయిందంటే మీరు దొంగిలించినట్టే."

"మీరే గద సార్ తీస్కపొమ్మన్నరు! అండ్ల ఏమున్నదో చెప్పుండ్రి, బిడ్డ కన్ను వోతది."

"కంట్లో పెట్టుకోమని ఎవరు చెప్పారు? చదువూ సంధ్యా లేకపోతే ఇంతే."

వాడి నోట్లో మన్ను పడ! కాటుక కంట్లో కాక ఎక్కడ పెట్టుకుంటారు? కొత్తగా కొన్న సెల్‌ఫోను వాడి జేబులోనే ఉంది. డాక్టరమ్మకు ఒక్క మాట చెప్పమని కాళ్లు పట్టుకున్నాను. చెప్పలేదు. ఉత్త చేతులతో ఖమ్మం పోయాను. డాక్టరమ్మ తనకు తోచిన మందే వేసింది. ఎడమ కన్ను దక్కింది, కానీ దానికి మందు వేస్తూనే ఉండాలంది. కుడి కంట్లో తెల్లగా పువ్వు పూసింది, ఇక దానికి చూపు రాదంది.

వేరే పని దొరక్క మళ్లీ ఆ షెడ్డుకే పోయాం. తర్వాత కొన్నాళ్లకు ఎవరో తనిఖీకి వస్తున్నారని షెడ్డంతా ఊడ్పించారు. సూపర్‌వైజర్ స్టోరు గదిలోంచి ఒక అట్టపెట్టె తెప్పించి మా అందరికీ కంటి అద్దాలు పంచాడు. పెట్టె మీద దుమ్ము వేలి మందాన పేరుకుని ఉంది. "కార్బన్ కళ్లలో పడితే ప్రమాదం. ఎవరూ తీయకండి," అన్నాడు.

నా అద్దాలు నేలకేసి కొట్టి, "నడువే అక్కా, పోదాం," అన్నాను.

అక్క కదల్లేదు. "నువ్వైతె పోతవే. నా బిడ్డకు ఇంకో కన్నున్నది, దానికి మందు దేవాలె," అని, అద్దాలు పెట్టుకుని సంచి మూతి విప్పింది.