మా నాయిన చేసిన డాక్టర్

ఆ రోజుల్లో నాకు ఆకలి కంటే ముందు కోపం వచ్చేది. పొద్దున లేస్తే చాలు, ఎవరి మీద ఎగరాలా అని చూస్తుండేవాణ్ణి. కారణాలకు కొదవ లేదు. మేడ్చల్ దాటాక ఉన్న ఒక యూనివర్సిటీలో బీఎస్సీ నర్సింగ్ చదువుతున్నాను. తరగతి నిండా అమ్మాయిలే. అబ్బాయిలమంతా కలిసినా వెనక బెంచీ నిండదు. బస్సులో తెల్ల యూనిఫాం చూసి ‘ల్యాబా? హోటలా?’ అని అడిగేవాళ్ల మీద కోపం. ‘గది సదివితే ఏమొస్తది?’ అని అడిగే చుట్టాల మీద ఇంకా కోపం. నేను ఐసీయూ, ఆపరేషన్ థియేటర్, ఊళ్లలో ఆరోగ్య కేంద్రాలు, మిలిటరీ ఆస్పత్రులు, కాలేజీలో పాఠాలు చెప్పే ఉద్యోగం అంటూ మొదలుపెడితే, మిలిటరీ దాకా వచ్చేసరికే వాళ్లు పక్కవాడితో భూముల రేట్లలో పడిపోయేవారు.

వీళ్లందరి మీదా ఉన్న కోపం ఒక ఎత్తు, మా నాయిన మీద ఉన్నది ఒక ఎత్తు. నాయిన దూలపల్లిలో ఒక చిన్న ఫ్యాక్టరీలో లేత్ మిషన్ నడిపేవాడు. అబద్ధం ఆడే మనిషి కాదు. కానీ నా చదువు గురించి ఎవరైనా అడిగితే మాత్రం కళ్లార్పకుండా, ‘మా వోడు డాక్టర్ సదువుతుండు’ అనేవాడు. దాంతో మా గల్లీలో మోకాళ్ల నొప్పులన్నీ మా అరుగు మీదికే వచ్చేవి. ఎక్స్‌రే ఫిల్మును ఎండకు పట్టి ‘జర సూడు బిడ్డా’ అనేవారు. (నేనూ సీరియస్‌గా చూసేవాణ్ణి. ఎముక ఉంది, అంతవరకు తెలిసేది.) ‘ఎందుకు నాయినా గట్ల చెప్తవ్?’ అని నేను ఎగిరితే, ‘నర్సంటే ఆడోళ్ల పని అనుకుంటర్రా. నీ మంచికే’ అని తువ్వాలు దులుపుకుని పోయేవాడు.

నేను మూడో సంవత్సరంలో ఉండగా శామీర్‌పేటలో మా మామ కూతురి ఎంగేజ్‌మెంట్ అయింది. ఇంటి ముందు టెంటు, మిట్టమధ్యాహ్నం, భోజనాలు. పెళ్లికొడుకు తండ్రి భారీ మనిషి. బిర్యానీ ముందు కూర్చున్నవాడు ఉన్నట్టుండి ఛాతీ పట్టుకుని వెనక్కి వాలాడు. ‘ఏం లేదు, గ్యాసు’ అన్నాడు. ఎవరో సోడా తెచ్చారు, ఎవరో నొప్పుల మందు తెచ్చి ఛాతీకి రాయబోయారు. ఇంతలో మా నాయిన గొంతు టెంటంతా మోగింది.

‘పరేషాన్ గాకున్రి! మా డాక్టర్ ఈడనే ఉన్నడు!’

నా చేయి పట్టుకుని జనంలోంచి ముందుకు లాక్కొచ్చాడు. అప్పటికే ఒక అత్యుత్సాహవంతుడు మెడికల్ షాపు నుంచి గ్యాసుకు ఇంజెక్షన్, సిరంజి తెచ్చి నా చేతిలో పెట్టాడు. నేను పెద్దాయనను చూశాను. చొక్కా చెమటతో తడిసి ఒంటికి అతుక్కుంది. ముఖం బూడిద రంగులో ఉంది.

‘కాకా, చెయ్యి గుంజుతాందా?’

‘జర ఎడమ చెయ్యి... దవుడ గూడ గుంజుతాంది. నువ్వు సూదెయ్యి, తక్కువైతది.’

‘సూది లేదు ఏం లేదు. జల్దీ దవాఖానకు పోవాలె.’

పెళ్లికొడుకు చిన్నాన్న ఒకాయన నవ్వాడు. ‘ఏం డాక్టరయ్యా, సూదెయ్యనీకి గూడ రాదా?’

‘ఎయ్యిరా, అందరు సూస్తున్నరు’ అని నాయిన నా చెవిలో గొణిగాడు.

మూడేళ్లుగా మింగిన కోపమంతా ఒక్కసారి గొంతులోకి వచ్చింది. ‘నేను డాక్టర్ను కాదు! నర్సింగ్ సదువుతున్న! నర్సును!’ అని అరిచాను.

వడ్డించేవాడి గరిట ఆగిపోయింది. మా అత్త నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ‘నర్సా? మొగోడివి గాదా?’ అన్నాడు అదే చిన్నాన్న. ‘నవ్వుడు దవాఖానల నవ్వుదువు గాని. గీయనకు గుండెపోటు వస్తాంది. ముందుగాల కారు తియ్యి!’ అని ఆయన మీద అంతెత్తున లేచాను. పెద్దాయన నడుస్తానంటే తిట్టాను. బిర్యానీ ముగించి వస్తానంటే ఇంకా తిట్టాను. కుర్చీతో సహా ఎత్తించి కారులో పడేయించాను. నాయిన ముందు సీట్లో ఎక్కాడు.

మేడ్చల్ రోడ్డులోని ఆస్పత్రిలో ఒక నడివయసు సిస్టర్ ఎదురొచ్చింది. ‘నొప్పి ఎప్పుడు మొదలైంది? ఏమన్న మింగిండా? షుగర్ ఉన్నదా?’ నేను టకటకా చెప్పాను. నన్ను ఎగాదిగా చూసి, ‘ఏ ఇయర్?’ అంది. ‘థర్డ్ ఇయర్, మేడం.’ ‘మరి గట్ల నిలవడ్డవేంది? చొక్కా గుండీలు తియ్యి, ఈసీజీ పెట్టాలె’ అంది. ఆ తర్వాత మా నాయిన వైపు తిరిగి, ‘మీరు బయటికి నడువున్రి’ అంది. ఫ్యాక్టరీ ఓనరుకే ఎదురు చెప్పే మా నాయిన చేతులు కట్టుకుని బయటికి నడిచాడు. గుండెపోటే అని తేలింది. డాక్టర్ వచ్చేసరికి ఆ సిస్టర్ అన్నీ సిద్ధంగా ఉంచింది. పెద్దాయన బతికాడు.

సాయంత్రం శామీర్‌పేటలో వదిలిన మా బండి తెచ్చుకుని ఇంటికి బయలుదేరాం. గాజులరామారంలో చాయ్ హోటల్ ముందు నాయిన బండి ఆపి, ‘అందరి ముంగట నా ఇజ్జత్ తీసినవ్’ అన్నాడు.

‘నువ్వు రోజూ నాది తీస్తున్నవ్ నాయినా. నువ్వు డాక్టర్ అన్నప్పుడల్లా, నేను సదివేది సిగ్గుపడే సదువు అన్నట్టే గదా?’

నాయిన చాయ్ చల్లారిపోయేదాకా అలాగే పట్టుకున్నాడు. ‘నేను గట్ల అనుకోలేదురా’ అన్నాడు చివరికి. నాకు ఇంకా తిట్టాలని ఉంది, కానీ ఆయన చేతిలోని చాయ్ తీసుకుని వేడిది ఇంకోటి చెప్పాను.

మరునాటి నుంచి కొత్త బాధ మొదలైంది. ‘మా వోడు నర్సు. డాక్టర్లు వచ్చి సూసి పోతరు, బతికిచ్చేది మా వోడే’ అని నాయిన ఊరంతా చాటాడు. (ఈ మాట మా కాలేజీ డాక్టర్ల చెవిన పడకుండా నేను పడ్డ పాట్లు వేరే కథ.) పెళ్లిలో ఆ పెద్దాయన వచ్చిన ప్రతివాడికీ నన్ను చూపించి, ‘గీ పోరడే నన్ను బిర్యానీ కాడికెళ్లి గుంజుకపోయిండు’ అని ఫిర్యాదు చేశాడు. ఆయనకింకా ఆ బిర్యానీ మీదే మనసుంది.

ఇప్పుడు నేను ఒక ఆస్పత్రి ఐసీయూలో ఇన్‌ఛార్జిని. పోస్టింగ్‌కు వచ్చే విద్యార్థులు ‘సార్‌కు కోపమే రాదు’ అని చెప్పుకుంటారట. విని నవ్వుకుంటాను. ఆ టెంటు కింద చెవులు ఎర్రబడి, గొంతు చించుకుని అరుస్తున్న ఆ బక్క పిల్లవాడు ఎక్కడైనా ఎదురుపడితే బాగుండు. శాంతించమని మాత్రం చెప్పను. కాసిని మంచినీళ్లిచ్చి, ‘ఇంకా గట్టిగ అరువురా’ అంటాను.