బొంగరం పిన్ని, అమ్మ కుడిచెయ్యి

మా పిన్ని కుదురుగా కూర్చోగా నేను చూసింది చాలా తక్కువ. ఇంటికొస్తే కుర్చీ అంచుకి ఆనుకుంటుంది, టీ సగంలో వదిలేస్తుంది, లేచి కిటికీ రెక్క సరిచేస్తుంది, నేను మడతపెట్టిన తువ్వాళ్ళు మళ్ళీ మడతపెడుతుంది. ఆ చివరి పనికి నాకు ఒళ్ళు మండుతుంది. అమ్మ ఆమెకి చిన్నప్పుడే బొంగరం అని పేరు పెట్టింది. ఆ పేరు ఆసుపత్రికి కూడా ఎలాగో పాకింది. నర్సులు ఎదురుగా మేడమ్ అంటారు, వెనకాల బొంగరం అంటారు.

అలాంటి మనిషి చేసే ఉద్యోగం ఏమిటంటే, గంటసేపు ఒక్కచోట నిలబడి మనిషి చర్మాన్ని వేళ్ళతో మెల్లగా కదపడం. రొమ్ము ఆపరేషన్ చేసినప్పుడు కొందరికి చంకలోని గ్రంథులు కూడా తీసేస్తారు. అప్పటిదాకా వాటి గుండా పోతున్న లింఫ్ అనే పల్చటి నీరు దారి లేక చేతిలో నిలిచిపోతుంది. చెయ్యి ఉబ్బుతుంది, బరువెక్కుతుంది. ఆ నీటికి వేరే దారి చూపించడమే పిన్ని పని. రెండో అంతస్తులో, ఎక్స్‌రే గది పక్కన, ఒక బల్లా ఒక తెరా ఒక స్టూలూ ఉన్న గది ఆమెది. స్టూలు మీద ఎప్పుడూ కట్టు కట్టే గుడ్డల బుట్టే ఉంటుంది, పిన్ని ఉండదు.

కొత్తగా వచ్చినవాళ్ళకి ఆ పని నచ్చదు. "ఇదేం మాలిషమ్మా, ఈగ వాలినట్టుంది, కాస్త గట్టిగా నొక్కు" అంటారు. "గట్టిగా నొక్కితే ఉన్న దారులు కూడా మూసుకుపోతాయండీ" అంటుంది. వాపు చేతిలో ఉంటే మెడ దగ్గర మొదలుపెడతావేమిటని అడుగుతారు. "ముందు గుమ్మం దగ్గర ఖాళీ చేస్తేనే కదా లోపలివాళ్ళు బయటికొచ్చేది" అంటుంది. వారం తిరిగేసరికి ఎవరి చెయ్యి వాళ్ళే చూసుకునేలా నేర్పి పంపేస్తుంది. వెళ్ళలేక నసిగేవాళ్ళని, "నేనేమన్నా మీ ఇంటికి కాపురానికొస్తానా?" అని కసురుతుంది.

పోయినేడు ఆ ఆపరేషన్ మా అమ్మకే జరిగింది. కుడివైపు.

అమ్మ టైలరు. మా ఇంటి ముందుగది ఆమె దుకాణం. పొడవాటి బల్ల, రెండు మిషన్లు, ఒక్క చేత్తో ఎత్తితే నా మణికట్టు వంగిపోయే పెద్ద కత్తెర. నాలుగు స్కూళ్ళ యూనిఫాంలు ఆ బల్ల మీదే పుడతాయి. వాళ్ళమ్మ పోయేటప్పటికి పిన్నికి తొమ్మిదేళ్ళు, అమ్మకి ఇరవై. పిన్నిని పెంచిందీ, చదివించిందీ, చివరికి ఈ మసాజ్ కోర్సులో చేర్పించిందీ ఆ కత్తెరే. అందుకే డాక్టరు "చెయ్యి వాచే అవకాశం ఉంది, జాగ్రత్త" అనగానే పిన్ని, "అది నాకొదిలెయ్యండి" అంది. అప్పుడామె మొహం చూసి నాకు భయమేసింది. వాపు అదుపులో లేకపోతే అమ్మ మళ్ళీ కత్తెర పట్టలేదు. కత్తెర పట్టని అమ్మ ఎలా ఉంటుందో మా ఇద్దరికీ ఊహకి కూడా అందలేదు.

కుట్లు మానేసరికి చెయ్యి వాచనే వాచింది. పిన్ని రోజూ సాయంత్రం రావడం మొదలుపెట్టింది. డ్యూటీ దిగి, యాభై నిమిషాలు బస్సులో నిలబడి, వచ్చీ రాగానే చేతులు కడుక్కుని అమ్మ మెడ మీద వేళ్ళు పెట్టేది. వారమైంది, మూడు వారాలైంది. ఊళ్ళో వాళ్ళందరికీ నేర్పేది అమ్మకి మాత్రం నేర్పలేదు. నేనడిగితే, "నా అక్కకి నేను చెయ్యలేనా?" అని నా మీదికే వచ్చింది. నేను వెళ్ళి తువ్వాళ్ళు మడతపెట్టాను. వాటినీ మళ్ళీ మడతపెట్టింది.

ఆపైన ఆసుపత్రిలో ఆమెతో పనిచేసే ఇంకో ఆవిడ సెలవు పెట్టింది. పిన్ని డ్యూటీ రెట్టింపయ్యింది. అయినా వచ్చేది, కళ్ళు గుంటలు పడి. ఒకరోజు అమ్మ అంది, "ఇక రోజూ రాకే. నువ్వు చేతి మీద పెన్నుతో చుక్కలు పెట్టిన చోట్ల టేపుతో నేనే కొలిచి ఫోన్లో చెప్తా. పెరిగితే అప్పుడే రా."

పిన్నికి ఆ ఏర్పాటు నచ్చలేదు. కానీ కొలతల విషయంలో అమ్మని కాదనగలిగేవాళ్ళెవరు? ముప్ఫై ఏళ్ళుగా టేపు మెడలో వేసుకుని తిరిగే మనిషి.

అమ్మ రోజూ పొద్దున్నే, నేను స్నానానికెళ్ళినప్పుడు, కొలిచి చెప్పేది. మణికట్టు ఇంత, మోచెయ్యి కింద ఇంత, పైన ఇంత. పిన్ని డ్యూటీ కాగితం వెనక రాసుకునేది. వారవారం ఆ కొలత కాస్త కాస్త తగ్గుతోంది. అయినా పిన్నికి మనసు నిలవలేదు. మధ్యాహ్నం నాకు ఫోన్ చేసి, "చెయ్యి చూశావా?" అనేది. "పొడుగు చేతుల జాకెట్టేసుకుంటోంది పిన్నీ, కనబడదు" అనేదాన్ని. నేనెంత తెలివితక్కువదాన్నో ఆ జవాబులోనే ఉంది.

ఒక శనివారం, నాకు సగంపూట ఆఫీసు, ఒంటిగంటకి ఇంటికొచ్చేసరికి పిన్ని వీధి తలుపు దగ్గర ఆసుపత్రి కోటుతోనే నిలబడి ఉంది.

"ఏమైంది పిన్నీ?"

"ఆపరేషనైన చెయ్యి ఇంత బుద్ధిగా తగ్గదే" అంది. "ఒకరోజు తగ్గుతుంది, ఒకరోజు మొండికేస్తుంది. మీ అమ్మ చెప్పే లెక్కలు మరీ బుద్ధిగా ఉన్నాయి."

లోపల అమ్మ బల్ల దగ్గర నిలబడి యూనిఫాం గుడ్డ కత్తిరిస్తోంది. నేను ఆఫీసుకెళ్ళాక రోజూ కత్తిరిస్తోందని అప్పుడు తెలిసింది. మమ్మల్ని చూసి కత్తెర బల్ల మీద పెట్టి, జాకెట్టు చేతిని కిందికి లాక్కుంది. పిన్ని ఆ జాకెట్టు చెయ్యి పైకి మడిచింది. బొటనవేలితో మోచెయ్యి కింద నొక్కింది. గుంట పడింది, పడినట్టే ఉండిపోయింది. చూపుడువేలి దగ్గర నుంచి ముంజేతి దాకా ఎర్రగా పాకింది, చర్మం కాలుతోంది.

"జ్వరముందా?"

"లేదే."

"అక్కా."

"పొద్దున కాస్త చలేసింది. సూది గుచ్చుకుందిలే, నాలుగు రోజులైంది. సూది గుచ్చుకోవడం కూడా ఒక దెబ్బేనా?"

టైలరుకి కాదు. గ్రంథులు తీసేసిన చేతికి మాత్రం సూదిమొన చాలు, విషం చెయ్యంతా ఎక్కడానికి. పిన్ని ఈ మాట ఆసుపత్రిలో రోజుకి పదిసార్లు చెబుతుంది. అక్కకి ఒక్కసారీ చెప్పినట్టు లేదు, ఆ చెయ్యి తన చేతుల్లోనే ఉంటుందనుకుంది కాబట్టి.

టేపు తీసి వదులుగా చుట్టి కొలిచింది. అమ్మ ఆ పొద్దున చెప్పిన దానికంటే మూడు సెంటీమీటర్లు ఎక్కువ.

"నువ్వెలా కొలిచావో చూపించు" అంది.

అమ్మ టేపు ఒక కొస పళ్ళతో పట్టి, రెండో కొస ఎడంచేత్తో లాగింది. టేపు కండలోకి దిగిపోయింది. ఎంత బిగించాలో, ఎంత బిగిస్తే ఎంత తగ్గుతుందో ఆమెకి బాగా తెలుసు. పిన్ని గోడకి ఆనుకుంది. ఆమె మొహంలో కోపం కూడా లేదు.

ఆ గంటలోనే ఆసుపత్రిలో చేర్చాం. సెలైన్ ఎడంచేతికి ఎక్కించారు. ఎరుపు తగ్గేదాకా కుడిచేతిని ఎవరూ మసాజ్ చెయ్యకూడదని డాక్టరు పిన్ని వైపు చూసే అన్నాడు. ఆమెకి తెలియక కాదు. కానీ తెలిసి ఊరుకోవడం ఆమెకి చేతకాని పని. ఐదు రోజులు ఆ వార్డులో కాలు కాలిన పిల్లిలా తిరిగింది. దుప్పటి సర్దింది, పక్కమంచం వాళ్ళ నీళ్ళసీసా నింపింది, చేతులు చంకల్లో పెట్టుకుని కిటికీ దగ్గరికీ మంచం దగ్గరికీ నడిచింది. అమ్మ చెయ్యి దిండు మీద పడుంది. చేతికి అందేంత దూరంలో ఉన్నా ముట్టుకోకూడదు.

నాలుగో రోజు పిన్ని పేలింది.

"ఎందుకు అబద్ధం చెప్పావు?"

"నీ మొహం నువ్వు చూసుకున్నావా? బస్సులో నిలబడి నిలబడి కాళ్ళు వాచాయి నీకు. ఒక చెయ్యి కోసం ఇంకో మనిషిని పోగొట్టుకోనా?"

"రోజుకి తొమ్మిది మంది చేతులు పడతాను. నీ చెయ్యి పట్టుకోవడానికి నాకు ఓపిక లేదనుకున్నావా?"

"పట్టుకుంటే వదలవే నువ్వు" అంది అమ్మ. "అందరికీ నేర్పుతావంట, నర్సు చెప్పింది. నాకెందుకు నేర్పలేదు?"

పిన్ని దుప్పటి అంచు మడతపెట్టింది, విప్పింది. మళ్ళీ మడతపెడుతూ, "నేర్పేస్తే నీకు నాతో ఇంకేం పని?" అంది. నలభై దాటిన మనిషి తొమ్మిదేళ్ళ పిల్లలా అడిగింది. నాకు ఏడుపొచ్చి మందులు తేవాలని వంక పెట్టి బయటికెళ్ళాను.

ఎరుపు పూర్తిగా పోయి, డాక్టరు సరేనన్నాక, ఇంట్లో ముందుగదిలో మళ్ళీ కూర్చున్నారు ఇద్దరూ. అమ్మ సూటిగా అడిగింది, "కత్తెర పడతానా లేదా?"

"ఆ పెద్దది పట్టవు. కత్తిరించడానికి మనిషిని పెట్టుకో. మిషన్ తొక్కొచ్చు, కాజాలు కుట్టొచ్చు, వేలికి తొడుగేసుకుని. వాపు సగానికి దిగుతుంది, పూర్తిగా పోదు. బతికినన్నాళ్ళు రోజూ చేసుకోవాలి."

అమ్మ బల్ల వైపు చూసింది. "సరే, నేర్పు" అంది.

పిన్ని అమ్మ ఎడంచేతిని ఎత్తి మెడ మీద, ఎముక పక్కన పెట్టింది. తన చెయ్యి తీసేసింది. "చర్మం కదలాలి, కండ కదలకూడదు" అంది. మూడోసారికి అమ్మకి పట్టుబడింది. జారే గుడ్డని నలగకుండా జరిపే వేళ్ళవి. ఇరవై నిమిషాలు పిన్ని చూస్తూ నిలబడింది, తప్పు పట్టడానికి ఏమీ దొరకలేదు. సంచీ భుజానికి తగిలించుకుంది.

"బాగానే చేస్తున్నావు. ఇక నేను రానక్కర్లేదు."

అమ్మ చెయ్యి ఆపకుండానే అంది, "పనుంటేనే వస్తావే? ఆదివారం ఊరికే రా."

ఆదివారం వచ్చింది. ఊరికే ఎలా కూర్చోవాలో తెలియలేదు. ఐదు నిమిషాలు కూర్చుని లేచింది, కిటికీ దాకా వెళ్ళింది. అమ్మ చెయ్యి వైపు చూడబోయి చూపు తిప్పుకుంది. "ఏం చెయ్యనే మరి?" అంది అమ్మతో.

"ఏం చెయ్యకు" అంది అమ్మ.

పిన్ని వచ్చి అమ్మ పక్కన మళ్ళీ కూర్చుంది.